నాన్నగారి కాఫీ మాన్పించాలా? కాఫీకీ క్యాన్సరుకీ ఉన్న సంబంధంపై ఒక సమాధానం

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, ఎందుకంటే నా జవాబు అందులోని ఒక చిన్న వాక్యం మీద ఆధారపడి ఉంది. మీ నాన్నగారికి అరవై రెండేళ్లు. రోజుకు నాలుగు సార్లు ఫిల్టరు కాఫీ తాగుతారు, అది పొగలు కక్కుతూ ఉంటేగాని ఆయనకు రుచించదు. కాఫీలో క్యాన్సరు కలిగించే రసాయనం ఉందని బంధువుల వాట్సాప్‌లో వచ్చిన సందేశం చూసి అమ్మగారు వారం రోజులుగా కాఫీ మాన్పించారు; అప్పటి నుంచీ ఆయనకు తలనొప్పి, చిరాకు. అమెరికాలో ఉన్న మీ అక్కగారేమో కాఫీ తాగేవారికి కాలేయ క్యాన్సరు రాదని, ఇంకో రెండు కప్పులు పెంచినా మంచిదేనని ఒక వ్యాసం పంపారు. ఈ రెంటిలో ఏది నిజమని మీరు అడిగారు. చివరన, నాన్నగారు సిగరెట్లు బాగా తగ్గించారనీ, ఇప్పుడు రోజుకు అయిదారే కాలుస్తున్నారనీ రాశారు. ఆ చివరి వాక్యం దగ్గరికి తప్పకుండా వస్తాను.

నేను క్యాన్సరు విభాగంలో కొన్నేళ్లు పనిచేసి, తరువాత రెండు దశాబ్దాలకు పైగా వైద్య విద్యార్థులకు సామాజిక వైద్యశాస్త్రం బోధించిన వైద్యుణ్ణి. ఈ ప్రశ్న నన్ను అడిగినవారిలో రోగులూ ఉన్నారు, తోటి వైద్యులూ ఉన్నారు. సూటిగా చెప్పాలంటే, కాఫీ అనే పానీయం వల్ల మనుషులకు క్యాన్సరు వస్తుందనడానికి తగిన ఆధారం లేదు. కాలేయం, గర్భాశయ లోపొర, ఈ రెండు చోట్ల మాత్రం కాఫీ తాగేవారిలో క్యాన్సరు ముప్పు కొంత తక్కువగా కనిపిస్తోంది. నోరు కాలేంత వేడిగా తాగడం గురించి విడిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే అక్కడ దోషం కాఫీది కాదు, వేడిది. ఇంతవరకు చెప్పి ఊరుకోవచ్చు. కానీ మొన్నటిదాకా చెడ్డదన్న కాఫీని ఇప్పుడు మంచిదంటున్నారేమిటని మీకు అనుమానం మిగిలిపోతుంది, రేపు మరో సందేశం రాగానే అమ్మగారు మళ్లీ డికాక్షన్ పారబోస్తారు. అందుకే ఈ భయం ఎలా పుట్టిందో కొంచెం వివరంగా చెబుతాను.

1981 మార్చిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయన్ మెక్‌మహన్, ఆయన సహచరులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన ప్రచురించారు. క్లోమగ్రంథి క్యాన్సరు వచ్చిన 369 మందిని, ఆ క్యాన్సరు లేని 644 మంది ఇతర రోగులను వారి అలవాట్ల గురించి అడిగి పోల్చి చూశారు. రోజుకు మూడు కప్పులు, ఆపైన కాఫీ తాగేవారిలో ఈ క్యాన్సరు ముప్పు, అసలు తాగనివారితో పోలిస్తే 2.7 రెట్లు ఉన్నట్టు లెక్క తేలింది. క్లోమ క్యాన్సరు వచ్చినవారు బతికి బయటపడటం అరుదు కాబట్టి ఆ వార్త అమెరికా అంతా పాకి జనాన్ని బాగా భయపెట్టింది.

అయితే పోలికకు తీసుకున్న ఆ 644 మంది ఎవరు? క్యాన్సరు రోగులను చూస్తున్న వైద్యుల దగ్గరే అదే సమయంలో ఆసుపత్రిలో చేరినవారు. ఆ వైద్యుల్లో చాలామంది జీర్ణకోశ నిపుణులు కాబట్టి, వారి దగ్గరికి వచ్చిన మిగతా రోగుల్లో ఎక్కువమందికి కడుపులో పుండో, పేగుల్లో వాపో, ఛాతీలో మంటో ఉండేది. అటువంటివారు కాఫీ తాగితే బాధ ఎక్కువవుతుందని తామే తగ్గించుకుంటారు, లేదా వైద్యుడు చెప్పి మాన్పిస్తాడు. అంటే క్యాన్సరు వచ్చినవారు అందరికంటే ఎక్కువ కాఫీ తాగారని ఆ లెక్కకు అర్థం కాదు. పోలికకు నిలబెట్టినవారే అందరికంటే తక్కువ తాగుతున్నారు. మా విద్యార్థులకు నేనిలా చెప్పేవాణ్ణి: మీ ఊళ్లో కంటిచూపు తగ్గినవారు అన్నం ఎంత తింటారో తెలుసుకుని, ఆ లెక్కను చక్కెర జబ్బు వార్డులో పడుకున్నవారి లెక్కతో పోల్చి చూడండి, అన్నం తింటే చూపు పోతుందని ఇట్టే రుజువైపోతుంది. 1986లో అదే బృందం మరింతమంది రోగులను తీసుకుని మళ్లీ పరిశీలించినప్పుడు, కప్పులు పెరిగే కొద్దీ ముప్పు పెరగడమనే ఆ ధోరణి కనబడలేదు, ఆ సంగతిని వారే అదే పత్రికలో ప్రచురించారు. తమ ఫలితాన్ని తామే తిరిగి పరీక్షకు పెట్టిన ఆ పరిశోధకుల మీద నాకు ఈనాటికీ గౌరవం ఉంది. కాని మొదటి వార్త చేరినన్ని ఇళ్లకు రెండవది చేరలేదు.

రెండవ భయం మూత్రాశయానికి సంబంధించినది. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఉంది. ఏ పదార్థం క్యాన్సరు కలిగిస్తుందో, ఆ మాట అనడానికి ఎంత ఆధారం ఉందో తేల్చి, పదార్థాలను తరగతులుగా విభజించడం దాని పని. ఆ సంస్థ 1991లో కాఫీని మూత్రాశయ క్యాన్సరు విషయంలో '2బి' తరగతిలో, అంటే 'క్యాన్సరు కలిగించే అవకాశం ఉండవచ్చు' అనే వరుసలో పెట్టింది. అప్పటికున్న అధ్యయనాల్లో కాఫీ తాగేవారికి ఆ క్యాన్సరు కొద్దిగా ఎక్కువగా కనబడింది. కాని కాఫీ ఎక్కువగా తాగేవారిలో పొగతాగేవారూ ఎక్కువే, మూత్రాశయ క్యాన్సరుకు అతి ముఖ్యమైన కారణం పొగాకే. ఈ రెండు అలవాట్లూ కలిసి ఉండటం వెనుక ఒంట్లో జరిగే ఒక మార్పు కూడా ఉంది. సిగరెట్టు పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఉత్తేజపరుస్తాయి. అందుచేత పొగతాగేవారి ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు వేగంతో కరిగిపోతుంది, వారికి మళ్లీ కాఫీ మీదికి మనసు పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో మీకు చివర్లో పని పడుతుంది.

ఈ రెండు అలవాట్ల ముడిని విప్పాలంటే ఎన్నడూ పొగతాగనివారిని విడిగా చూడాలి. అలా చూసినప్పుడు కాఫీకీ మూత్రాశయ క్యాన్సరుకీ ఉన్నట్టు కనిపించిన సంబంధం నిలవలేదు. ఊపిరితిత్తుల క్యాన్సరు విషయంలోనూ ఇదే జరిగింది. 2016 మే నెలలో పది దేశాల నుంచి 23 మంది శాస్త్రవేత్తలు లియాన్‌లో సమావేశమై, వెయ్యికి పైగా అధ్యయనాలను పరిశీలించి, కాఫీని '2బి' నుంచి తప్పించి మూడవ తరగతికి మార్చారు. మూడవ తరగతి అంటే, క్యాన్సరు కలిగిస్తుందని వర్గీకరించడానికి ఆధారం చాలదని అర్థం. క్లోమం, రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్ల విషయంలో కాఫీ ప్రభావం లేదనే ఆధారాలు సూచిస్తున్నాయని, కాలేయం, గర్భాశయ లోపొర క్యాన్సర్లు కాఫీ తాగేవారిలో తక్కువగా ఉన్నాయని కూడా వారు నమోదు చేశారు. ఒకసారి అనుమానించిన పదార్థాన్ని ఆ సంస్థ కింది తరగతికి దించడం అరుదు.

ఇక్కడ ఒక అనుభవం చెప్పక తప్పదు. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ అలవాటు గురించి మీరు వినే ఉంటారు. చుట్ట కాలుతున్న కొసను నోటి లోపల పెట్టుకుని తాగడం. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల పల్లెల్లో ముఖ్యంగా స్త్రీలలో ఇది తరతరాలుగా ఉంది, దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సరు గురించి విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల క్రితమే రాశారు. నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక పెద్దావిడ వచ్చింది. నోరు తెరిపించి చూస్తే అంగిలి అంతా బూడిదరంగు తెలుపు, మధ్యలో ఎర్రటి చుక్కలు, ఒకపక్క చిన్న పుండు. ఎప్పటి నుంచి ఉందని అడిగితే, "కాపీ తాగితే పుండు ముదురుతాదని సెప్పినారు బాబూ, ఆర్నెల్ల కాడినుంచి కాపీ ముట్టుకోలేదు" అంది. చుట్ట మానిందా అని అడిగితే తల దించుకుంది. ఆ ఆరు నెలలు ఆమె కాఫీ మానడానికి పడిన కష్టం నిజమైనది, తన ఆరోగ్యం కోసం పడినదే. ఆ కష్టాన్ని ఎవరో తప్పు దారి పట్టించారు. మీ ప్రశ్న చదవగానే నాకు ఆమె ముఖమే గుర్తుకొచ్చింది.

ఇక వాట్సాప్ సందేశంలోని రసాయనం. దాని పేరు ఆక్రిలమైడ్, అది కాఫీలో ఉన్న మాట నిజమే. ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం, చక్కెరలు కలిసి 120 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో వేగినప్పుడు అది తయారవుతుంది. ఆహారంలో దాని ఉనికి బయటపడిన తీరు ఆశ్చర్యకరమైనది. స్వీడన్‌లోని హాలండ్సోస్ అనే కొండలో రైలు సొరంగం తవ్వుతూ, నీటి ఊటలు మూసేందుకు ఆక్రిలమైడ్ కలిసిన పదార్థం వాడారు. 1997లో అది వాగుల్లో కలిసి చేపలు చచ్చిపోయాయి, ఆ నీళ్లు తాగిన ఆవులకు కాళ్లు పడిపోయాయి. సొరంగం కూలీల రక్తం పరీక్షించిన శాస్త్రవేత్తలు, పోలిక కోసం ఆ సొరంగం ముఖం చూడని మామూలు మనుషుల రక్తాన్ని కూడా పరీక్షిస్తే, వారిలోనూ ఆక్రిలమైడ్ గుర్తులు కనిపించాయి. అది ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ వెళ్లి, వేయించిన, కాల్చిన ఆహారం దగ్గర తేలారు. 2002లో ఆ సంగతి ప్రపంచానికి ప్రకటించారు. ఆలూ చిప్సులో ఉంది, బిస్కెట్లలో ఉంది, ఎర్రగా కాల్చిన రొట్టెలో ఉంది, వేయించిన కాఫీ గింజలో ఉంది.

ఎలుకలకు ఇచ్చినప్పుడు ఆక్రిలమైడ్ క్యాన్సరు కలిగించింది, కాని ఆ మోతాదులు మనిషి తిండి ద్వారా తీసుకునే దానికంటే వెయ్యి రెట్లకు పైన. ఆ జంతు పరీక్షల ఆధారంగానే కాలిఫోర్నియాలో ఒక సంస్థ 2010లో కాఫీ కంపెనీల మీద దావా వేసింది. 2018 మార్చిలో న్యాయమూర్తి కాఫీ మీద క్యాన్సరు హెచ్చరిక వేయాలనే వైపు మొగ్గారు. మీ బంధువుల సందేశానికి మూలం బహుశా ఆనాటి వార్తే అయి ఉంటుంది, ఎందుకంటే అందులో కోర్టు ప్రస్తావన ఉందని మీరు రాశారు. ఆ రాష్ట్ర ప్రభుత్వ విభాగమే ఆధారాలన్నీ పరిశీలించి, కాఫీ వేయించేటప్పుడు, కాచేటప్పుడు సహజంగా పుట్టే ఇలాంటి పదార్థాలకు క్యాన్సరు హెచ్చరిక అవసరం లేదని 2019లో నిబంధన తెచ్చింది. సందేశం రాసినవారు ఆ సగం రాయలేదు. ఆక్రిలమైడ్ గురించి నిజంగా పట్టించుకునేవారికి మరో మాట కూడా తెలియాలి: సిగరెట్టు పొగలో అది పుష్కలంగా ఉంటుంది, పొగతాగేవారి రక్తంలో దాని గుర్తులు తాగనివారి కంటే మూడు నుంచి అయిదు రెట్లు ఎక్కువగా కనిపిస్తాయి.

ఈ సందర్భంలో మన ఫిల్టరు కాఫీకి ప్రత్యేకించి వర్తించే విషయం చికోరీ. గింజ వేగడం మొదలైన కొద్దిసేపటికి ఆక్రిలమైడ్ పెరిగి, ఇంకా ముదురుగా వేగే కొద్దీ తగ్గిపోతుంది, అందుకని నల్లగా వేగిన పొడిలో అది లేత రంగు పొడిలో కంటే తక్కువ. చికోరీ వేరులో మాత్రం ఎక్కువ. ఐరోపా సమాఖ్య 2017లో పెట్టిన సూచిక స్థాయిలు చూడండి: కిలో వేయించిన కాఫీ పొడికి 400 మైక్రోగ్రాములు, ఇన్‌స్టంట్ కాఫీకి 850, చికోరీకి 4,000. పది గ్రాముల పొడిలో ఏడు గ్రాములు కాఫీ, మూడు గ్రాములు చికోరీ ఉందనుకుంటే, ఈ స్థాయిల లెక్కన కాఫీ వంతు దాదాపు మూడు మైక్రోగ్రాములు, చికోరీ వంతు పన్నెండు. ఇవి భయపడాల్సిన అంకెలని నేను అనడం లేదు. ఆహారంలోని ఆక్రిలమైడ్ వల్ల మనుషుల్లో క్యాన్సరు పెరిగినట్టు పెద్ద అధ్యయనాలు నిలకడగా చూపలేదు. అయినా ఈ రసాయనం పేరు వింటే మనసు కుదుటపడని అమ్మగారికి మీరు చేయగల సాయం ఒకటుంది. మన దేశ ఆహార నిబంధనల ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంతెంత కలిపారో పొట్లం మీద ముద్రించాలి. ఆ ముద్రణ చదివి చికోరీ తక్కువ ఉన్నది, లేదా అసలు లేనిది కొనండి. అరకు గింజలతో చేసిన అచ్చమైన పొడి ఇప్పుడు మన ఊళ్లలో సులభంగానే దొరుకుతోంది. డికాక్షన్ కొంచెం పలచగా అనిపించవచ్చు, వారంలో నాలుకకు అలవాటవుతుంది.

నేను నిజంగా జాగ్రత్తపడమని చెప్పేది వేడి విషయంలో. 2016 నాటి ఆ లియాన్ సమావేశమే, 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహిక క్యాన్సరు కలగవచ్చని, అంటే '2ఎ' తరగతిలో, 'బహుశా కలిగిస్తుంది' అనే వరుసలో చేర్చింది. అది కాఫీ కావచ్చు, టీ కావచ్చు, వేడినీళ్లైనా కావచ్చు. అన్నవాహిక లోపలి పొర పదేపదే కాలి, మళ్లీ మళ్లీ కొత్త కణాలు పుడుతూ ఉంటే, ఏదో ఒకనాడు ఆ పుట్టుకలో తప్పు దొర్లుతుందన్నది దీనికి చెప్పే కారణం. ఇరాన్ ఈశాన్యంలో గొలెస్తాన్ అనే ప్రాంతం ఉంది, అన్నవాహిక క్యాన్సరు ప్రపంచంలోనే చాలా ఎక్కువగా ఉన్న చోట్లలో అది ఒకటి. అక్కడ యాభై వేల మందికి పైగా తాగే టీ వేడిని ఎదురుగా కూర్చుని ఉష్ణమాపకంతో కొలిచి, సగటున పదేళ్లు వారిని గమనించారు. ఆ కాలంలో 317 మందికి అన్నవాహిక క్యాన్సరు వచ్చింది. 60 డిగ్రీలు, ఆపైన వేడితో రోజుకు 700 మిల్లీలీటర్లకు తక్కువ కాకుండా టీ తాగేవారిలో, చల్లార్చి కొద్దిగా తాగేవారి కంటే ముప్పు 90 శాతం ఎక్కువగా ఉంది. 90 శాతం అనగానే గుండె జారుతుంది. అయితే యాభై వేల మందిలో 317 అంటే, ఆ జబ్బు అంత ఎక్కువగా ఉన్న చోట కూడా పదేళ్లలో వెయ్యి మందికి ఆరుగురు. రెట్లను విడిగా చూడకూడదు, దేనికి రెట్లో కూడా చూడాలి. మన కశ్మీరులో కూడా ఈ క్యాన్సరు ఎక్కువే, అక్కడివారు ఉప్పు టీ పొగలు కక్కుతుండగానే తాగుతారు. చైనాలో జరిగిన మరో పెద్ద అధ్యయనంలో, మరిగే టీ అలవాటుకు మద్యమో, పొగాకో తోడైనవారిలో ముప్పు బాగా పెరిగింది.

ఆ లెక్కలు చదివాక మా ఇంట్లో కూడా వంటగదిలో వాడే ఉష్ణమాపకం తెచ్చి చూశాను. కాగిన పాలు డికాక్షన్‌లో పోసిన వెంటనే స్టీలు గ్లాసులో ముల్లు 75 దాటి నిలిచింది. గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి జానెడు ఎత్తు నుంచి నాలుగైదు సార్లు తిరగబోశాక 65 కిందికి దిగింది, పైన నురగ కట్టింది. మన పెద్దలు కాఫీని తిరగబోసి ఇచ్చేది నురగ కోసమే కావచ్చు, కాని ఆ పని అన్నవాహికకు కూడా మేలు చేస్తోంది. ఉష్ణమాపకం లేకపోయినా పరవాలేదు. గ్లాసును అంచు పట్టుకోకుండా నాలుగు వేళ్లతో చుట్టి పట్టుకోలేకపోతే అది ఇంకా తాగదగ్గ వేడికి రాలేదు. మొదటి గుటకను ఊదుకుంటూ చప్పరించాల్సి వస్తోందంటే కూడా అంతే. మూత బిగించిన కాగితం కప్పులో ఇచ్చే కాఫీ ఎంతసేపటికీ చల్లారదు, మూత తీసి అయిదు నిమిషాలు ఆగడం మంచిది.

అక్కగారి వ్యాసానికి వస్తాను. ఆవిడ పంపింది అబద్ధం కాదు. జపాన్‌లో తొంభై వేల మందిని గమనించిన అధ్యయనం 2005లో వెలువడింది. దాదాపు ప్రతిరోజూ కాఫీ తాగేవారిలో కాలేయ క్యాన్సరు, దాదాపు ఎన్నడూ తాగనివారితో పోలిస్తే సగం మాత్రమే ఉంది. ఇలాంటివి అనేకం కలిపి చూసినప్పుడు, రోజుకు ఒక్కో కప్పు పెరిగే కొద్దీ ముప్పు సుమారు 15 శాతం చొప్పున తగ్గుతున్నట్టు లియాన్ సమావేశం లెక్క తేల్చింది. ప్రపంచ క్యాన్సరు పరిశోధన నిధి కూడా కాలేయం, గర్భాశయ లోపొర క్యాన్సర్ల నుంచి కాఫీ 'బహుశా రక్షిస్తుంది' అని 2018 నివేదికలో చెప్పింది. కెఫీన్ తీసేసిన కాఫీలోనూ కొంతవరకు ఇదే ఫలితం కనబడుతోంది కాబట్టి, ఈ మేలు కెఫీన్ ఒక్కదానిది కాదని, క్లోరోజెనిక్ ఆమ్లాల వంటి ఇతర పదార్థాల పాత్ర కూడా ఉందని అనుకుంటున్నారు.

అయినప్పటికీ మందు వేసుకున్నట్టు రెండు కప్పులు పెంచమని నేను చెప్పను. ఇవన్నీ మనుషులను వారి అలవాట్లలో గమనించిన అధ్యయనాలు; కొందరికి కాఫీ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చేసిన పరీక్షలు కావు. కాలేయం దెబ్బతినడం మొదలైనవారికి కాఫీ సయించదు, తామే మానేస్తారు. అప్పుడు కాఫీ మానడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల కాఫీ మానారా అన్న చిక్కు వస్తుంది. ఈ చిక్కు కొంత తొలగించడానికి పరిశోధకులు జన్యువుల సాయం తీసుకుంటున్నారు. కొందరు పుట్టుకతోనే కాఫీ ఎక్కువ తాగే వైపు మొగ్గే జన్యువులతో పుడతారు. ఎవరికి ఏ జన్యువు వస్తుందన్నది చీటీ తీసినట్టు జరుగుతుంది తప్ప, సిగరెట్టుతోనో, చదువుతోనో, ఆదాయంతోనో ముడిపడి ఉండదు. బ్రిటన్‌లో మూడు లక్షలకు పైగా మంది సమాచారంతో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఈ పద్ధతిలో చూసినప్పుడు, కాఫీకీ మొత్తం మీద క్యాన్సరుకీ, ఎక్కువకు గాని తక్కువకు గాని, చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. నా తీర్పు దీనికి దగ్గరగానే ఉంటుంది: కాలేయానికి మేలు ఉండవచ్చు, మిగతా చోట్ల కాఫీ వల్ల ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. కాలేయ క్యాన్సరు గురించి నిజంగా ఆందోళన ఉంటే హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించడం, బి టీకా వేయించుకోవడం, మద్యానికి దూరంగా ఉండటం, కొవ్వు పట్టిన కాలేయం ఉంటే బరువు తగ్గడం ముఖ్యం.

పైగా ఆ అధ్యయనాల్లో కప్పు అంటే చాలావరకు పాలు తక్కువగా, చక్కెర లేకుండా తాగే పెద్ద కప్పు. మన కాఫీలో సగానికి పైగా పాలు, రెండు చెంచాల చక్కెర. చెంచా అయిదు గ్రాములనుకుంటే, నాలుగు కాఫీలకు నలభై గ్రాముల చక్కెర ఒంట్లోకి పోతుంది. అధిక బరువుకూ అనేక రకాల క్యాన్సర్లకూ ఉన్న సంబంధం, కాఫీ మీద మోపిన నిందల కంటే ఎన్నో రెట్లు గట్టిది. కప్పులు తగ్గించలేకపోతే చక్కెరను ఒక చెంచాకు తేవచ్చు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు మించకూడదని, 150 మిల్లీలీటర్ల కాచిన కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల దాకా ఉంటుందని చెప్పింది. భోజనానికి గంట ముందు, గంట తరువాత కాఫీ, టీ వద్దని కూడా చెప్పింది, ఎందుకంటే అవి ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రోజుకు నాలుగు అంటున్నారు కాబట్టి మీ నాన్నగారి గ్లాసు చిన్నదా పెద్దదా అన్నది చూసుకోండి. చిన్న గ్లాసైతే నాలుగు, పెద్దదైతే మూడు.

క్యాన్సరు చికిత్సలో ఉన్నవారి ఇళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే రెండు మాటలు. థైరాయిడ్ క్యాన్సరుకు గ్రంథి తీసేశాక రోజూ వేసుకునే మాత్రను కాఫీతో మింగితే అది సరిగా పట్టదు. పరగడుపున నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి కాఫీ తాగాలి. ఇక కాఫీతో ఎనిమా చేస్తే క్యాన్సరు విషాలు పోతాయని ప్రచారం చేసేవారున్నారు. దానివల్ల క్యాన్సరు నయమైందనడానికి ఆధారం లేదు; ఒంట్లో లవణాలు తారుమారై, పేగు కాలి, సూక్ష్మజీవులు సోకి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు మాత్రం వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. దయచేసి ఎవరినీ ఆ వైపు వెళ్లనివ్వకండి.

మీ నాన్నగారి తలనొప్పి కెఫీన్ ఒక్కసారిగా మానడం వల్ల వచ్చినదే అయి ఉండాలి, మామూలుగా అది తొమ్మిది రోజులు దాటి ఉండదు. మానాలనుకున్నవారు కూడా రోజుకో అర కప్పు చొప్పున తగ్గించుకుంటే ఈ బాధ ఉండదు. అమ్మగారికి చెప్పండి, తిరగబోసిన కాఫీ మళ్లీ మొదలుపెట్టవచ్చు. కాని ముద్ద గొంతులో ఆగుతున్నట్టుందనో, నీళ్లు తాగితేగాని దిగడం లేదనో ఆయన ఎప్పుడైనా అని ఉంటే, వేడి తగ్గించి ఊరుకోకుండా జీర్ణకోశ వైద్యుడికి చూపించి ఎండోస్కోపీ చేయించండి. మూత్రంలో నొప్పి లేకుండా రక్తం ఒక్కసారి కనబడినా ఆలస్యం చేయకండి, పొగతాగే మనిషి విషయంలో అది మూత్రాశయ క్యాన్సరుకు తొలి గుర్తు కావచ్చు.

ఇప్పుడు ఆ అయిదారు సిగరెట్లు. తగ్గించడం ఆయన సాధించినదే, అది చిన్న విషయం కాదు, దానికి ఆయనను మెచ్చుకోండి. కాని ఊపిరితిత్తులు, నోరు, గొంతు, అన్నవాహిక, క్లోమం, మూత్రాశయం, మీ ఇంట్లో కాఫీ మీద పడిన అనుమానాలన్నింటికీ నిజమైన కర్త అక్కడ ఉంది. రోజుకు అయిదు కూడా ప్రమాదమే. అమ్మగారు కాఫీ మీద చూపిన పట్టుదల ఈ వైపు చూపితే ఫలితం ఉంటుంది. కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే పొగాకు విరమణ సహాయ కేంద్రానికి 1800112356 నంబరులో ఉచితంగా ఫోను చేయవచ్చు. నికోటిన్ గమ్, ప్యాచ్ ఏవి వాడాలో దగ్గరలోని వైద్యుణ్ణి అడగండి.

ఆయన సిగరెట్టు పూర్తిగా మానిన రోజు నుంచి కాఫీని సగానికి తగ్గించండి. పొగ ఆగగానే కెఫీన్‌ను వేగంగా విరగ్గొడుతున్న ఆ ఎంజైము కొద్ది రోజుల్లో నెమ్మదిస్తుంది. అంతకుముందు తాగిన నాలుగు కాఫీలే తాగినా రక్తంలో కెఫీన్ రెట్టింపు దాకా పెరగవచ్చు. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. అవి సిగరెట్టు మానడం వల్లే వస్తున్నాయనుకుని చాలామంది రెండో వారంలో మళ్లీ అంటించేస్తారు. పొద్దున ఒకటి, సాయంత్రం నాలుగు దాటకుండా ఇంకొకటి ఇచ్చి, ఆ రెండు వారాలు ఆయన పక్కన ఉండండి. ఆ తరువాత నిద్ర సరిగా పడుతుంటే మూడో కప్పు సంగతి చూడవచ్చు.